గాలి ఉంది, తీగ లేదు

కెన్యా ఉత్తర కొసన తుర్కానా సరస్సు దగ్గర గాలికి కరువు లేదు. ఒకపక్క ఇథియోపియా పీఠభూమి, ఇంకోపక్క కెన్యా కొండలు. హిందూ మహాసముద్రం మీంచి వచ్చే గాలి ఆ సందులో పడి వేగం పుంజుకుంటుంది. అక్కడ 365 గాలిమరలు పెట్టారు. ఒక్కోటి 850 కిలోవాట్లు, మొత్తం 310 మెగావాట్లు. రెక్కలు మొంబాసా రేవులో దిగాయి గానీ, వాటిని అక్కడికి చేర్చడానికి ముందు 200 కిలోమీటర్లకు పైగా రోడ్డు బాగుచేయాల్సి వచ్చింది.

2017 నాటికి మరలన్నీ లేచాయి. కరెంటు మాత్రం కదల్లేదు.

సుస్వా సబ్‌స్టేషన్ దాకా వేయాల్సిన సుమారు 430 కిలోమీటర్ల హైటెన్షన్ లైను సగంలో ఆగింది. టవర్ల కింద పోయే భూములకు పరిహారం తేలలేదు. లైను వేస్తున్న స్పెయిన్ కంపెనీ దివాలా తీసింది. 2018 సెప్టెంబరుకు గానీ తీగ కలవలేదు. ఆలస్యానికి పరిహారంగా గాలిమరల కంపెనీకి వందల కోట్ల షిల్లింగులు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకోక తప్పలేదు.

అసలు 2005లో పుట్టిన ఈ ప్రాజెక్టు ఆలోచనకు అప్పు కుదిరేసరికే 2014 వచ్చింది. గాలి కరెంటుకు అప్పే కీలకం. బొగ్గు విద్యుత్ కేంద్రానికైతే ఖర్చులో పెద్ద భాగం ఏటేటా బొగ్గు కొనడానికి పోతుంది. గాలిమరకు ఇంధనం ఖర్చు లేదు, పెట్టుబడంతా మొదటిరోజే పెట్టాలి. అందుకే వడ్డీ ఒకటి రెండు శాతం పెరిగినా యూనిట్ ధర మారిపోతుంది. పేదదేశాలకు మామూలుగా అప్పు దొరికేది ఎక్కువ వడ్డీకే. గాలి అందరికీ ఉచితమే, దాన్ని పట్టే ఖర్చు మాత్రం పేదవాడికే ఎక్కువ. ఇది అన్యాయం.

ఇంకో చిక్కు రాత్రిపూట. తుర్కానా గాలి జోరందుకునేది ఊళ్లు నిద్రపోయాకే. అంత కరెంటు కెన్యా వాడుకోలేదేమోనన్న అనుమానంతోనే ప్రపంచ బ్యాంకు 2012లో పక్కకు తప్పుకుంది. మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడిపెట్టి, అవసరమైనప్పుడు కిందికి వదిలి మళ్లీ కరెంటు తీసే పద్ధతి ఉంది. కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురం ప్రాజెక్టు అలాంటిదే. కానీ దానికీ పెద్ద పెట్టుబడే కావాలి.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది నేల సంగతి. తుర్కానా ప్రాజెక్టుకు ఇచ్చిన లక్షన్నర ఎకరాలు పశువుల కాపరుల ఉమ్మడి మేతభూములు. ఆ భూముల పట్టాలు చట్టప్రకారం ఇవ్వలేదని 2021లో మేరు కోర్టు తీర్పు చెప్పి, సరిచేసుకోవడానికి ఏడాది గడువిచ్చింది. మన రాయలసీమ మెట్టల్లోనూ సోలార్ పలకలు, గాలిమరలు పెరుగుతున్నాయి. సర్వేరాయి పాతకముందే అక్కడ గొర్రెలు మేపుకునేవాళ్లను కూర్చోబెట్టి అడగండి.