గైడు దళములో మేము నేర్చిన పాఠము

మన యిండ్లలో ఆడుపిల్లకు పదియేండ్లు నిండగనే తల్లికి రెండు భయములు పుట్టును. పిల్లకు పనిపాటలు రావేమో యన్నది మొదటిది. పనిచేయబోయి చేయి కాల్చుకొనునేమో యన్నది రెండవది. మొదటి భయముచేత పిల్లకు పని చెప్పుదుము. రెండవ భయముచేత ఆ పనిని మనమే లాగికొని చేసివేయుదుము. పిల్ల ప్రక్కన నిలిచి చూచుచుండును. ఈ రెండు భయముల నడుమ మేము 30 ఏండ్లకు పైగా గైడు దళములలో పనిచేసితిమి. ఈ కొలువునకు జీతము లేదు. బాలికలకు మేము నేర్పినదానికంటె వారివలన మేము నేర్చినదే యెక్కువ. అందులో ముఖ్యమైన సంగతి యొకటి సోదరీమణులకు విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ సంస్థ యెట్లు పుట్టినదో ముందుగా కొంచెము తెలిసికొనుట మంచిది. ఇంగ్లండు దేశమున బేడెన్ పవెల్ అను సేనాని 1907 ఆగస్టు నెలలో బ్రౌన్సీ యను చిన్న దీవిలో సుమారు 20 మంది బాలురతో ఒక శిబిరము నడపెను. అందు కలవారి పిల్లలును కష్టజీవుల పిల్లలును కలసి యుండిరి. వారిని నాలుగు జట్లుగా విభజించి, జట్టున కొక బాలునే నాయకునిగా నుంచెను. మఱుసటి యేట ఆయన వ్రాసిన పుస్తకము ప్రకటింపబడగా, బాలురే గాక బాలికలును దానిని చదివిరి. 1909 సెప్టెంబరులో లండనునందలి క్రిస్టల్ ప్యాలెస్ వద్ద వేలకొలది బాలురు సమావేశమైనప్పుడు, ఎవ్వరును పిలువకయే కొందఱు బాలికలు తమకు తోచిన దుస్తులు ధరించి వచ్చి, తామును స్కౌటులమే యని నిలిచిరి. వారిని కాదనుటకు వీలులేక, 1910లో బాలికలకు వేరుగా గైడు సంస్థ యేర్పడినది. బేడెన్ పవెలు గారి సోదరి ఆగ్నెసు గారు దాని భారమును వహించిరి. కావున బాలికలే ముందు నడచిరి; పెద్దలు వారి వెనుక వచ్చిరి. ఈ మాటను పాఠకురాండ్రు జ్ఞాపక ముంచుకొనవలెనని కోరుచున్నాము.

మన దేశమునకు 1909లో బాలుర దళములును, 1911లో జబల్పూరునందు బాలికల దళమును వచ్చినవి. తొలినాళ్లలో అవి దొరల బిడ్డలకు మాత్రమే. మన బాలురకు ప్రవేశము లేకుండెను. అది సహింపక అనీబిసెంటమ్మ గారు 1916లో చెన్నపట్టణమున భారతీయ బాలురకై ప్రత్యేక సంఘము స్థాపించిరి. ఉత్తర దేశమున పండిత మదనమోహన మాలవీయ గారు, హృదయనాథ కుంజ్రూ గారు, శ్రీరాం బాజ్‌పాయి గారు సేవాసమితి పక్షమున మఱియొక సంఘమును నడపిరి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1950 నవంబరు 7వ తేదీన స్కౌటు సంఘములు ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ యేర్పడినది. 1951 ఆగస్టు 15వ తేదీన గైడుల సంఘమును అందు చేరినది.

ఈ సంస్థలో పదియేండ్ల లోపు బాలికలను బుల్‌బుల్‌లనియు, ఆ పైవారిని గైడులనియు, యుక్తవయస్కలను రేంజర్లనియు పిలుతురు. ఆఱు మొదలు ఎనిమిదిమంది వఱకు గైడులు కలసిన నొక పెట్రోలు. దాని నాయకురాలు ఆ బాలికలలో నొకతెయే. కెప్టెను పిల్లల నందఱను తానే నడపరాదు. చెప్పవలసినది నాయకురాలికి చెప్పవలెను. ఆమె తన జట్టును నడపుకొనును. ఈ నియమము పుస్తకమున చదువుటకు సులభమే. ఆచరణమున నెంత కష్టమో మాకు తెలియుటకు రెండేండ్లు పట్టినది.

మేము 1992లో ఒక చిన్న పట్టణమున దళ మారంభించితిమి. మొదటి చిక్కు బామ్మలతో వచ్చినది. గైడులు కలిసికొన్నప్పుడు ఎడమచేయి కలుపుదురు. అది హృదయమునకు దగ్గరి చేయి యని భావము. మన యిండ్లలో ఎడమచేత తమలపాకైనను అందీయరాదు గదా! ఒక బాలిక యింటికి పోయి తన బామ్మకు ఎడమచేయి చాపెను. మఱునాడే యా ముసలమ్మ మా గుమ్మములోనికి వచ్చి, "ఏమమ్మా, పిల్లలకు నేర్పుచున్నది ఇదా?" అని నిలదీసెను. మేము హృదయము మాట చెప్పితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, "అట్లయిన నమస్కారము పెట్టునప్పుడు రెండు చేతులును గుండెకాడనే యుండును గదా!" అనెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. నాటినుండి మా పిల్లలు తమలో తాము ఎడమచేయి కలుపుకొనుచు, ఇంటి పెద్దలకు నమస్కరించుచు వచ్చిరి. బామ్మ తృప్తిపడెను.

ఇక మా తప్పు చెప్పవలెను. 1994లో దసరా సెలవులకు పట్టణమునకు నాలుగు మైళ్ల దూరమున ఒక మామిడితోపులో శిబిరము వేసితిమి. పిల్లలు ఎనిమిదేసిమంది చొప్పున మూడు గుడారములు. వారు గుడారములు నిలుపుటకు ప్రొద్దున మొదలుపెట్టిరి. ఒక త్రాడు వదులు, ఒకటి బిగువు. ఒక మేకు వంకర. మఱునాడు పెద్దలు కొందఱు శిబిరమును చూడవచ్చుచుండిరి. వారి యెదుట మాకు మాట వచ్చునేమో యని భయపడి, పిల్లలను ప్రక్కకు జరుగుమని, త్రాళ్లన్నియు మేమే విప్పి మరల కట్టితిమి. గుడారములు గీత గీసినట్లు నిలిచినవి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మాకును కొంత గర్వము కలిగెను.

నారత్రాడు తడిసినప్పుడు బిగిసి పొట్టియగును. కావున వాన వచ్చునట్లున్నను, మంచు కురియునట్లున్నను ప్రొద్దుగ్రుంకగనే గుడారపు త్రాళ్లను కొంచెము వదులు చేయవలెను. లేనిచో అవి మేకులను పెరికివేయును. ఇది మాకు తెలియని సంగతి కాదు. పగలెల్ల తిరిగిన యలసటచేత మఱచి నిద్రపోయితిమి. నడురేయి వాన పట్టుకొన్నది. తడిసిన నేలలోనుండి మేకులు లేచిపోయి, ఒక గుడారము పిల్లలమీద కూలినది. కేకలు విని మేము పరుగెత్తుసరికి ఏడుగురు ప్రాకుచు వెలుపలికి వచ్చిరి. ఎనిమిదవ బాలిక ముంజేతిమీద గుడారపు నిట్ట పడినది.

లాంతరు పట్టుకొన్న మా చేయి వణకుచుండెను. అప్పుడు పదునొకండేండ్ల పిల్ల యొకతె తన మెడలోని స్కార్ఫు విప్పి, దెబ్బతిన్న చేతిని మెల్లగా మడచి, గుండెకు ఆనించి, మెడ వెనుక ముడివేసెను. ఆ ముడి రీఫు ముడి. కుడికొసను ఎడమదానిమీదను, పిమ్మట ఎడమకొసను కుడిదానిమీదను వేసిన నది కలుగును. చదునుగా నుండి ఒరయదు, జారదు, కావలసినప్పుడు తేలికగా విడివడును. కట్టు కట్టుటకు దానినే వాడుదురు. ఆ పిల్ల దానిని నెలదినములు తానై తప్పులు చేసి నేర్చుకొన్నది. తెల్లవాఱగనే వైద్యునికడకు తీసికొని పోగా ఎముక చిట్లినదని చెప్పి, కట్టు బాగుగా వేసితిరని మమ్ము మెచ్చుకొనెను. ఆ మెప్పు మాది కాదని చెప్పుటకు మాకు నోరు రాలేదు.

మధ్యాహ్నమునకు ఆ బాలిక తల్లి వచ్చెను. ఆమె మమ్ము దూషింపలేదు. "మీరున్నారు గదా యని పంపితిని" అని మాత్రము పలికి, బిడ్డను తీసికొని పోయెను. ఆ బాలిక మరల దళమునకు రాలేదు. అంతకంటె మమ్ము నొప్పించిన మాట మఱియొకటి గలదు. అదే గుడారమున పడుకొన్న నాయకురాలు సాయంకాలము మాకడకు వచ్చి, "అక్కయ్యా, త్రాళ్లు బిగిసినవని నాకు తెలిసినది. మీరు కట్టినవి గదా, ముట్టుకొనవచ్చునో కూడదో యని ఊరకుంటిని" అనెను.

ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పిల్లలు తాము నేర్చిన పనిని చీకటిలో సయితము చేసిరి. మేము చేసిపెట్టిన పనిని కన్నులెదుట చెడుచున్నను ముట్టుకొనలేకపోయిరి. మా చేతిపని యెంత చక్కగా నున్నదో, అంతగా వారి చేతులను కట్టివేసినది.

మఱుసటి యేటి శిబిరమున మేము చేతులు వెనుకకు కట్టుకొని నిలిచితిమి. అది హాస్యమునకు చెప్పుమాట కాదు. నిజముగనే ఒక చేతితో నొక చేతిని పట్టుకొంటిమి. అరగంట పని రెండు గంటలు పట్టెను. గుడారము లొక ప్రక్కకు ఒరిగి, పెండ్లివారి విడిదిలో అలసి సోలిన ముసలివారివలె నుండెను. చూడవచ్చిన పెద్దలలో ఒకరు నవ్విరి కూడ. కాని రాత్రి రెండు గంటలవేళ చినుకులు పడగా అడుగుల చప్పుడు వినవచ్చెను. కన్నులు తెఱచి చూచితిమి. పెట్రోలు నాయకురాలు లాంతరుతో ఒక్కొక్క త్రాటికడకు పోయి, వదులు చేసి, మేకును కాలితో త్రొక్కి చూచుకొనుచుండెను. మేము లేవలేదు. లేచి మెచ్చుకొనినచో అది మా పని యగునని తోచి, కన్నులు మూసికొని పడుకొంటిమి.

2003లో గోదావరి పుష్కరములు జులై 30 మొదలు ఆగస్టు 10 వఱకు జరిగినప్పుడు, రాజమహేంద్రవరమున తప్పిపోయినవారికై వేసిన ఒక పందిటిలో మా బాలికలు సేవచేసిరి. ఒకనాడు ఏడ్చుచున్న యొక వృద్ధురాలిని తెచ్చిరి. మైకులో పిలిపింపవలెనన్న పేరు కావలెను. భర్త పేరడుగగా, "ఆయన పేరు నేను చెప్పరాదు తల్లీ" అనెను. కుమారుని పేరడుగగా, "వాడికి మా మామగారి పేరే పెట్టినాము, పెద్దోడా అనియే పిలుతును" అనెను. ఊరి పేరు చెప్పినది గాని, ఆ పేరుగల ఊళ్లు అనేకము. మేము విసిగి, ఈ కాలమున నిదేమి పట్టుదలయని గద్దింపబోయితిమి. అంతలో పదుమూడేండ్ల గైడు ఆమె ప్రక్కన చతికిలబడి, మంచినీళ్లిచ్చి, "బామ్మా, మీ మామగారిది దేవుని పేరేనా?" అని యడిగెను. ఆమె తల యూపెను. "ఆ దేవుడు ఏ ఊళ్లో వెలిసినాడు?" "అన్నవరములో నమ్మా!" అని ముసలమ్మ కన్నీటిలోనే నవ్వెను. సత్యనారాయణ గారిని ఊరి పేరుతో చేర్చి పిలువగా, గంటలోపల కుమారుడు పరుగెత్తి వచ్చి తల్లి కాళ్లమీద పడెను. ఆ యుపాయము ఏ పుస్తకమునను లేదు. మేము నేర్పినది కాదు. మేము చేసిన మేలు నోరు మూసికొనుటయే.

చేతులు కట్టుకొనవలెనన్నచో పిల్లలను గాలికి వదలవలెనని యర్థము కాదు. ముందుగా పని చూపవలెను. రెండవమారు పిల్లచేత చేయించి ప్రక్కన నుండవలెను. మూడవమారు దూరముగా జరుగవలెను. పొయ్యి వెలిగించునప్పుడు దగ్గఱ బిందెడు నీళ్లును తట్టెడు ఇసుకయు ఉండవలెను. ఏటిలోనికి పెద్దవారు లేక పోనీయరాదు. ప్రాణాపాయమున్నచోట అడ్డుపడవలెను, పరువునకు మాత్రమే యపాయమున్నచోట అడ్డుపడరాదు. మేము 1994లో ఈ రెంటికిని భేదము తెలియక, మా పరువును కాపాడుకొనబోయి పిల్ల చేయి విఱుగగొట్టితిమి.

దళములేని ఊళ్లు చాల గలవు. దళమున్నచోటను, పదవతరగతి రాగానే చదువుకు భంగమని పిల్లను మాన్పించువారే యెక్కువ. వారిని మేము నిందింపము. కాని యీ పాఠమునకు గుడారములు అక్కఱలేదు. వారమున కొకదినము ఇంటిలో ఒక పనిని పిల్లకు పూర్తిగా అప్పగింపుడు. అంగడికి పోయి సరకులు తెచ్చుటయో, ఒక పూట వంటయో, తమ్ముని బడికి సిద్ధపఱచుటయో ఏదైనను సరే. పులుసులో ఉప్పెక్కువైన, మజ్జిగ పోసికొని తినుడు. చిల్లర లెక్క తప్పిన, తిరిగి పోయి సరిచేసికొని రానిండు. పిల్ల చేసినదానిని ఆమె వెనుక మరల సర్దకుడు. అది ఆమె చూడదనుకొందుము, తప్పక చూచును. చూచి, రేపు ఏ త్రాడు బిగిసినను ముట్టుకొనక ఊరకుండును.

ఆ తోపునుండి చేయి కట్టుతో వెడలిపోయిన బాలిక ఇప్పుడు నడివయసు ఇల్లాలు అయి యుండును. ఆమెకును, "మీరున్నారు గదా" యన్న ఆమె తల్లికిని మేము బాకీపడి యున్నాము. ఈ వ్యాసము వారిలో నెవరి కంటనైన బడిన, తప్పు మాదేయని నాడు చెప్పలేని మాటను నేడు చెప్పుకొనుచున్నాము.