జంక్ ఫుడ్ పరిశ్రమ – ప్రభుత్వ విధానాలు: మెక్సికో నేర్పిన పాఠాలు

వర్ధమాన దేశాలలో తీపి పానీయాలు, ప్యాకెట్ చిరుతిండ్ల వినియోగం పెరగడానికి రుచి, ధర, ప్రకటనలను కారణాలుగా పేర్కొనడం పరిపాటి. విధాన నిర్ణయాలపై పరిశ్రమ చూపే ప్రభావం అంతగా చర్చకు రాదు. ఈ ప్రభావం చట్టాన్ని అడ్డుకోవడంలోనే కాక, వచ్చిన చట్టాన్ని బలహీనపరచడంలోనూ కనిపిస్తుంది. ఇందుకు మెక్సికో అనుభవం చక్కని నిదర్శనం.

పన్ను పోరాటం

2000 నుండి 2006 వరకు ఆ దేశాధ్యక్షుడైన విసెంటే ఫాక్స్ పూర్వాశ్రమంలో కోకా-కోలా సంస్థ మెక్సికో విభాగానికి అధిపతి. పరిశ్రమకు, అధికారానికి గల సాన్నిహిత్యం అటువంటిది. తీపి పానీయాలపై 20 శాతం పన్ను విధించాలని ఆరోగ్య సంఘాలు కోరగా, 2014 జనవరి 1న అమలులోకి వచ్చినది లీటరుకు ఒక పెసో, అనగా సుమారు 10 శాతం మాత్రమే. ఉద్యోగాలు పోతాయని, చెరకు రైతులు, చిల్లర వర్తకులు నష్టపోతారని పరిశ్రమ వాదించింది. అయినప్పటికీ ఈ పానీయాల కొనుగోళ్లు, పన్ను లేనిచో ఉండగల అంచనా కంటే తొలి సంవత్సరం 5.5 శాతం, మలి సంవత్సరం 9.7 శాతం తగ్గాయి.

లేబుల్ ఎవరి కోసం?

ప్యాకెట్ ముందు భాగంలో పోషకాలను దినసరి అవసరంలో శాతాలుగా చూపే విధానం పరిశ్రమ రూపొందించినది. పోషకాహార విద్యార్థులలో సైతం అత్యధికులు దానిని సరిగా అర్థం చేసుకోలేకపోయారని మెక్సికో పరిశోధకులు ముందే తేల్చారు. అయినను ప్రభుత్వం దానినే తప్పనిసరి చేసింది. 2016లో చిలీ నల్లని అష్టభుజి హెచ్చరికలను ప్రవేశపెట్టగా, మెక్సికో 2020లో ఆ బాట పట్టింది. "చక్కెర అధికం" అన్న సూటి మాటకు గణితం అవసరం లేదు.

మన కర్తవ్యం

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022 సెప్టెంబరులో నక్షత్రాల రేటింగును ప్రతిపాదించింది. ఇందులో పండ్లు, గింజల వంటి పదార్థాలకు లభించే మార్కులు చక్కెర, ఉప్పుల దోషాన్ని కొంత కప్పివేయగలవు. లేబుల్ చదివి ఆహారాన్ని ఎంచుకోవాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు సూచించాయి. అయితే చదివితే అర్థమయ్యే లేబుల్ ఉన్నప్పుడే ఆ సలహా గ్రామీణ గృహిణికి ఉపకరిస్తుంది. కావున విస్తరణ శాస్త్రవేత్తలు పోషకాహార బోధనతో సరిపెట్టుకొనరాదు. ముసాయిదా నిబంధనలు అభ్యంతరాలకై వెలువడినపుడు వాటిని పరిశీలించి, క్షేత్రస్థాయి అనుభవాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయాలి. పరిశ్రమ ఆ అవకాశాన్ని ఏనాడూ వదులుకొనదు.