గాలి సరుకుకు కాంటా ఎవరిది?

సిద్దిపేట: మార్కెట్ యార్డుకు వడ్లు, మక్కలు వస్తే దడువాయి తూకం వేస్తాడు, తక్‌పట్టీ తయారవుతుంది, రైతుకు పైకం, అడ్తీదారుకు కమీషను ముడుతాయి. ఈ యార్డుకు చేరువనే ఉన్న నారాయణరావుపేట మండలం ఇబ్రహీంపూర్ గ్రామం మరో రకం సరుకును కూడా తయారు చేస్తున్నది. ఇంటింటా తవ్విన ఇంకుడు గుంతలు నేలలోకి దింపే నీరు, 2015లో మొదలైన హరితహారం కింద నాటిన చెట్లు పీల్చే బొగ్గుపులుసు వాయువు - ఇవీ ఆ సరుకు. దీనికి తూకం లేదు, తక్‌పట్టీ లేదు. కనుక ధర కూడా లేదు.

లెక్కాపత్రాలు ఈ ఊరికి కొత్త కావు. 2016లో పెద్ద నోట్లు రద్దయిన కొద్ది వారాలకే నగదు రహిత గ్రామంగా పేరు పొందినది. నీటి సంగతి వర్తకులకూ సంబంధించినదే. బోర్లలో నీరుంటే యాసంగి వడ్లు యార్డుకు వస్తాయి. బోర్లు ఎండితే మిల్లులకు సరుకు ఉండదు, రైతులకిచ్చిన అడ్వాన్సులు తిరిగి రావు.

పవర్‌గూడ బేరం

గాలి సరుకు అమ్ముడుపోయిన దాఖలా మన ప్రాంతంలోనే ఉన్నది. 2003లో ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళా సంఘం 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మినది. డీజిలుకు బదులు కానుగ నూనె వాడకం ఆ లెక్కకు ఆధారం. వచ్చిన పైకం 645 డాలర్లు, అంటే నాటి మారకం రేటున సుమారు 29 వేల రూపాయలు. టన్నుకు 4 డాలర్ల 39 సెంట్లు పడినది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ ఆ పనిలో గ్రామానికి తోడ్పడినది. లెక్క కట్టి పూచీ పడేవారు దొరికినందువల్లనే ఆ బేరం కుదిరినది.

పెద్ద లాట్లకే పెట్టుబడి

ఇప్పుడు కొనుగోలుదారుల వరుసలో వర్ధమాన దేశాలు కూడా నిలుస్తున్నవి. బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికా సమాన వాటాలతో స్థాపించిన న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు 2015లో షాంఘైలో పని ప్రారంభించినది. 2022-26 ప్రణాళికలో రుణాలలో 40 శాతం వాతావరణ రక్షణకు, 30 శాతం సభ్య దేశాల స్వంత కరెన్సీలలో ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నది. రూపాయిలలో తెచ్చిన అప్పుకు డాలరు ఎగిసినా భయం లేదు.

అయితే ఈ బ్యాంకు బేరాలు భారీవి. 2016లో పునరుత్పాదక విద్యుత్తు కోసం కెనరా బ్యాంకుకు మంజూరు చేసిన రుణం 25 కోట్ల డాలర్లు. ఒక్క ఊరి ఇంకుడు గుంతలు ఆ గుమ్మం తొక్కజాలవు. పది బస్తాల రైతుకు ఎగుమతిదారు నేరుగా దొరకడు. నడుమ సరుకు పోగుచేసి లాటు కట్టేవాడు ఉండాలి. జిల్లా అంతటి పనిని ఒక్క లాటుగా చూపే ఏర్పాటు ఉంటేనే ఇబ్రహీంపూర్ వంటి ఊళ్ళకు వాటా దక్కుతుంది.

తూకంలో తిరకాసు

లాటు కట్టినా నాణ్యత తేల్చాలి. 2020 ఏప్రిల్‌లో సమీపంలోని రంగనాయకసాగర్‌కు గోదావరి నీరు వచ్చినది. ఆ తర్వాత బోర్లలో నీరు పెరిగితే అందులో గుంతల వాటా ఎంత, జలాశయం వాటా ఎంత? విడదీసి చూపకపోతే కొనేవాడు తరుగు తీస్తాడు, లేదా బేరమే మానుకుంటాడు.

కాంటా ఎవరి చేతిలో ఉన్నదన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. 2026 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య ఇనుము, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల దిగుమతులపై తన లెక్క ప్రకారం బొగ్గుపులుసు సుంకాన్ని అమలులోకి తెచ్చినది. 2025 జూలైలో రియో డి జనీరో సమావేశంలో బ్రిక్స్ దేశాలు వాతావరణ పెట్టుబడులపై ప్రకటన చేయడంతో పాటు, ఈ లెక్కలు న్యాయంగా, పారదర్శకంగా ఉండాలన్న సూత్రాలను ఆమోదించినవి. భారత ప్రభుత్వం 2023లోనే కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించినది.

సూత్రాలు కుదిరినవి, ఇక కాంటా యార్డుకు చేరాలి. ఊరు గుంత తవ్విన నాడే కొలత రాయించి, ఏటేటా సరిచూపించి, చీటీ భద్రపరచుకోవాలి. చీటీ లేని సరుకుకు ఏ బజారులోనూ కొనేవాడు చెప్పినదే ధర.