పేతురు తాళపుచెవులు ఎవరివి?

రోమ్ నగరానికి ఈశాన్య కొసన, ఊరి చుట్టూ తిరిగే రింగ్‌రోడ్డుకు దగ్గర్లో, 2019 మార్చి 10న ఒక తెల్లని ఆలయానికి ప్రతిష్ఠ జరిగింది. కట్టింది అమెరికాలో పుట్టిన మోర్మన్ సంఘంవాళ్లు. పక్కనున్న సందర్శకుల భవనంలో క్రీస్తు, పన్నెండుమంది అపోస్తలుల పాలరాతి విగ్రహాలున్నాయి. డెన్మార్క్ శిల్పి థోర్వాల్డ్‌సెన్ కోపెన్‌హేగన్ చర్చి కోసం మలిచినవాటికి ఇవి నకళ్లు. వాటిలో పేతురు చేతిలో తాళపుచెవులు కనిపిస్తాయి. పరలోక రాజ్యపు తాళపుచెవులు నీకిస్తానని క్రీస్తు చెప్పింది ఈ పేతురుతోనే. ఆయన వారసుణ్ణి నేనని పోపు చెప్పుకునే నగరానికే మోర్మన్లు తమ పేతురును తెచ్చి నిలబెట్టారు.

ప్రతిష్ఠకు ముందురోజు మోర్మన్ల అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ వాటికన్ వెళ్లి పోపు ఫ్రాన్సిస్‌ను కలిశారు. ఈ రెండు పదవుల్లో ఉన్నవాళ్లు ముఖాముఖి కూర్చోవడం అదే తొలిసారి. సిద్ధాంతాల్లో తేడాలు నిజమే కానీ, కలిసిన సంగతులతో పోలిస్తే అవి చిన్నవన్న ధోరణిలో నెల్సన్ బయటికొచ్చి మాట్లాడారు. మర్యాదకు బాగుంది. కానీ ఆ తేడాలు పక్కకు జరిపితే జరిగేవి కావు.

బైబిలు ఒక్కటి చాలు, మధ్యలో ఎవరి అధికారమూ అక్కర్లేదనే ప్రొటెస్టంటుకు ఈ తాళపుచెవుల గొడవే లేదు. కథోలికులూ మోర్మన్లూ అలా అనరు. చేతులుంచి అప్పగించిన అధికారం లేనిదే సంఘం లేదని ఇద్దరూ నమ్ముతారు. ఇది దాయాదుల వ్యాజ్యం లాంటిది. ఆస్తి ఉందన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు, పట్టా ఎవరి పేరున ఉందన్నదే పేచీ.

పేతురు నుంచి నేటి పీఠాధిపతుల దాకా ఆ అధికారం తెగకుండా వచ్చిందని కథోలిక శ్రీసభ చెబుతుంది. అపోస్తలులు పోయాక అది భూమ్మీదే లేకుండా పోయిందని మోర్మన్లంటారు. వాళ్ల కథనంలో 1829 మే 15న పెన్సిల్వేనియాలోని హార్మొనీ దగ్గర సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్, అతని సహచరుడు ఆలివర్ కౌడరీలకు స్నాపకుడైన యోహాను కనిపించి తలమీద చేతులుంచి అధికారమిచ్చాడు. ఆ తర్వాత అపోస్తలులైన పేతురు, యాకోబు, యోహాను వచ్చి అంతకంటే పై అధికారాన్నిచ్చారు. మరుసటి ఏడు ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో సంఘం మొదలైంది. 1976లో అప్పటి అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్ కోపెన్‌హేగన్ చర్చిలో అసలు పేతురు విగ్రహం ముందు నిలబడి, నిజమైన తాళపుచెవులు మా దగ్గరున్నాయని అక్కడి లూథరన్ సంరక్షకుడితో చెప్పారు. రోమ్ భవనంలో పేతురు ఊరికే నిలబడలేదు.

నీళ్లు అవే, దేవుడు వేరు

కథోలికుల్లో జ్ఞానస్నానానికి గురువే ఉండాలన్న పట్టింపు లేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా, క్రైస్తవుడు కాకపోయినా సరే, శ్రీసభ ఉద్దేశంతో నీళ్లు పోసి పిత, పుత్ర, పవిత్రాత్మల పేర చెబితే చెల్లుతుంది. ఇచ్చేవాడి యోగ్యతతో పని లేదని పితృపాదుడు అగస్టీను, అయోగ్యులిచ్చే సంస్కారాలు చెల్లవన్న దొనాతీయులతో వాదించి గెలిచాడు. అందుకే లూథరన్, బాప్టిస్టు సంఘాల స్నానాలను శ్రీసభ ఒప్పుకుంటుంది. మోర్మన్లూ ఆ మూడు పేర్లే పలుకుతారు, మనిషిని నీళ్లలో పూర్తిగా ముంచుతారు. అయినా 2001 జూన్‌లో, ఆ స్నానం చెల్లుతుందా అన్న ప్రశ్నకు వాటికన్ విశ్వాస సిద్ధాంత పరిషత్తు ఒక్క మాటలో జవాబిచ్చింది: చెల్లదు. కింద సంతకం కార్డినల్ రాట్జింగర్‌ది, తర్వాతి కాలపు పోపు బెనెడిక్టుది. జవాబు వెనకున్న కారణాలను జెస్విట్ గురువు లూయిస్ లదారియా వ్యాసంగా రాశారు.

పేర్లు ఒకటే, ఆ పేర్లతో పిలిచేది వేరు. క్రీస్తుశకం 325లో నీకేయా సభ పుత్రుడు పితతో ఏకస్వభావం గలవాడని తీర్మానించింది. మోర్మన్లకు పిత, పుత్రుడు, ఆత్మ ముగ్గురు వేరువేరు వ్యక్తులు. సంకల్పంలోనే ఒక్కటి. పితకు మాంసం, ఎముకలున్న దేహముంది. 1844 ఏప్రిల్‌లో ఇలినాయి రాష్ట్రంలోని నావూలో చేసిన ప్రసంగంలో స్మిత్ ఇంకా ముందుకెళ్లి, దేవుడు కూడా ఒకప్పుడు మనలాంటి మనిషేనన్నాడు. దేవుడు లోకాన్ని శూన్యం నుంచి సృష్టించాడని కథోలికులంటే, పదార్థం అనాది, దేవుడు దాన్ని ఒక క్రమంలో అమర్చాడని మోర్మన్లంటారు. మనిషి దైవత్వంలో పాలు పంచుకుంటాడని కథోలిక పితృపాదులూ చెప్పారు, కానీ కృపవల్ల మాత్రమే. సృష్టించినవాడికీ సృష్టికీ మధ్య గీత వాళ్లు చెరపలేదు. నా దృష్టిలో అన్ని తేడాలకూ మూలం ఈ గీత. మరియమాత, పసిబిడ్డల జ్ఞానస్నానం లాంటి మిగతా వాదాలు దీని తర్వాతే.

మోర్మన్ల వైపు మొహమాటం అసలే లేదు. ఏ సంఘం నుంచి వచ్చినవాళ్లనైనా మళ్లీ ముంచాల్సిందే. 1958లో మోర్మన్ నాయకుడు బ్రూస్ మెకాంకీ తన ‘మోర్మన్ డాక్ట్రిన్’ పుస్తకంలో, తమ పవిత్ర పుస్తకమైన మోర్మన్ గ్రంథం హేయమైనదంటూ వర్ణించిన సంఘం రోమ్ శ్రీసభేనని తేల్చేశారు. దాంతో సంఘ పెద్దలకే ఇబ్బంది కలిగింది. 1966 కూర్పులో ఆ మాట లేదు.

చనిపోయినవారి కోసం

నవంబర్ 2న తెలుగు కథోలికులు సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు. మోర్మన్లు ఇంకో అడుగు వేసి, పోయినవాళ్ల పేరున బతికున్నవాళ్లను ఆలయంలో ముంచుతారు. ఆ ఆత్మ ఒప్పుకోవచ్చు, కాదనవచ్చునంటారు. ఇందుకు పేర్లు కావాలి. అందుకే దేశదేశాల రికార్డులు మైక్రోఫిల్ము తీసి యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ నగరం దగ్గర కొండను తొలిచి భద్రపరిచారు. వాటిలో కథోలిక విచారణల (పారిష్‌ల) జ్ఞానస్నాన రిజిస్టర్లూ ఉన్నాయి. సంస్కారాలు బతికున్నవాళ్లకేనన్నది శ్రీసభ పట్టు. ఆ రిజిస్టర్లను మోర్మన్ల యూటా వంశావళి సంస్థకు ఇవ్వొద్దని 2008 ఏప్రిల్‌లో వాటికన్ మేత్రాసనాలకు (డయోసిస్‌లకు) కబురు పంపింది. అయినా అదే ఏడు నవంబర్‌లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలకు వ్యతిరేకంగా పెట్టిన ప్రజాభిప్రాయ ఓటింగులో ఇద్దరూ ఒకే వైపు నిలిచారు.

పొరుగున బతకడం వేరే విద్య. 1879 మేలో యూటాలోని సెయింట్ జార్జ్‌లో, సిల్వర్ రీఫ్ గనుల్లోని కథోలికుల గురువు లారెన్స్ స్కాన్లన్‌కు మోర్మన్లు తమ ప్రార్థనామందిరం ఇచ్చారు. వాళ్ల గాయక బృందమే లాటిన్ నేర్చుకుని దివ్యబలిపూజ పాటలు పాడింది.

సిద్ధాంతం ఇంట్లోకొచ్చేది పెళ్లప్పుడు. కథోలిక అమ్మాయి లూథరన్‌ను చేసుకుంటే అనుమతి చాలు. 2001 తర్వాత మోర్మన్ వరుడు జ్ఞానస్నానం లేనివాడి కింద లెక్క. మినహాయింపు తెచ్చుకోకపోతే ఆ పెళ్లే చెల్లదు. అటువైపు, ఆలయంలో కట్టే ముడి మరణంతో తెగదని మోర్మన్ల నమ్మకం. ఆ తంతు చూసే అర్హత సభ్యులకే కాబట్టి, మతం మారిన అమ్మాయి కథోలిక తల్లి బయటే ఉండిపోవాలి. ఆమె కోసం ముందుగా మామూలు పెళ్లి చేసుకుంటే, అమెరికాలో ఆలయ తంతుకు ఏడాది ఆగాల్సి వచ్చేది. రోమ్ ఆలయ ప్రతిష్ఠ జరిగిన రెండు నెలలకు, 2019 మేలో, ఆ ఏడాది గడువు ఎత్తేశారు.