మంచు రాకకు ముందు కానవచ్చు గురుతులు



వాన రాకను ముందుగా కనిపెట్టుట మన పల్లెలవారికి క్రొత్తవిద్య కాదు. చీమలు గ్రుడ్లను మోసికొని మెరకకు పోవుటయు, తూనీగలు నేలబారున నెగురుటయు, చంద్రుని చుట్టు గుడి కట్టుటయు చూచి మీరు మబ్బు పట్టకమునుపే వానమాట చెప్పుదురు. వానకు మారుగా మంచుకొరకు ఆకాశమువంక చూచు జనులు కొన్ని దేశముల నున్నారు. వారు వేసవి చివర ఏ గురుతులను చూచి మంచుకాలము సమీపించినదని యెంచుదురో, అందు నమ్మదగిన వెవ్వియో, ఆ మంచునకును మన వానకును గల చుట్టరిక మెట్టిదో ఈ పూట విన్నవింతును.

అమెరికా సంయుక్తరాష్ట్రముల పడమటిభాగమున రాకీ పర్వతములు కలవు. అందు కొలరాడో రాష్ట్రములోనే 14,000 అడుగులకు మించిన శిఖరములు 50కి పైగా నున్నవి. శీతకాలమున ఆ వాలులపై మంచు పెక్కడుగుల మందమున పేరుకొనును. జనులు స్కీలనబడు పొడవైన సన్నని పలకలను పాదములకు బిగించుకొని, చేత రెండు కోలలు పట్టి, పైనుండి జారుచు దిగుదురు. నార్వే మొదలగు ఉత్తరదేశములవారు పూర్వము మంచుమీద ప్రయాణమునకై వాడిన సాధనమిది. నేడు గొప్ప వినోదమైనది. మన దేశమున కాశ్మీరమందలి గుల్మార్గునందును, ఉత్తరాఖండమందలి ఔలీయందును ఈ క్రీడ కలదు. ఆ కొండయూళ్ళలో బసలు నడపువారికి, అంగళ్ళవారికి, కూలీలకు మంచు పడిననే పంట పండినట్లు.

మనకు శ్రావణ భాద్రపదములు వానకాలము. వారికి అవి వేసవి చివరిదినములు. అచ్చట జూన్ 21వ తేదీన పగలు 15 గంటలుండును. సెప్టెంబరు 22వ తేదీ ప్రాంతమున విషువత్తునాటికి అది 12 గంటలకు దిగును. ఈ తరుగుదలయే మొదటి గురుతు. తక్కినవానిలో పెక్కింటికి ఇదియే మూలము. ఆస్పెను అను చెట్ల ఆకులలోని పచ్చదనము సెప్టెంబరులో హరించి, అడుగున దాగియున్న పసుపు బయటపడును. కొండలు బంగారుపూత పూసినట్లుండును. ఎల్కు అను పెద్దజాతి దుప్పులలో పోతులు జతకాలమువచ్చి బూరయూదినట్లు అరచును. పైకా అను చిన్నజంతువు, కుందేటికి చుట్టము, గడ్డి కొరికి తెచ్చి రాళ్ళసందున ఎండబెట్టి, మన రైతు వామి వేసినట్లు కూడబెట్టుకొనును. మార్మటు అను జంతువు తెగమేసి క్రొవ్వుపట్టి, బొరియలోదూరి నెలలతరబడి నిద్రించును. ఐరోపాలోని ఆల్ప్సు పర్వతములందు సెప్టెంబరులో, మేతకై పైకి తోలిన ఆవులను పూలతో అలంకరించి, మెడలో పెద్దగంటలు కట్టి, ఊరేగింపుగా పల్లెలకు దింపుకొనివత్తురు.

రెండేండ్లక్రిందట నేను డెన్వరు నగరమున నా కుమారునియింట కొన్నిమాసము లుంటిని. ఒకనాటి యుదయమున దూరపుశిఖరములపై విభూతి రాచినట్లు తెల్లదనము కనబడెను, మధ్యాహ్నమునకు కరగిపోయెను. ఇరుగుపొరుగువారు దానినే చూచి సంతసించి, కట్టెలు చీల్చుటకు, స్కీలను తుడిచి మైనము పూయుటకు మొదలిడిరి.

ఈ గురుతులు ఎంతవరకు నమ్మదగినవి? ఇందు ఒక భేదము నెరుగవలెను. మృగశిరకార్తె ప్రవేశించుటకు సూర్యగతి కారణము. ఆ కార్తెలో వాన పడుటకు గాలియు, సముద్రమును కారణములు. కార్తె తప్పదు, వాన తప్పవచ్చును. అట్లే పగలు తరుగుట, ఆకు పండుట, జంతువులు దాచుకొనుట అనునవి ముఖ్యముగా కాలము వచ్చినదనియే చెప్పును గాని, మంచు ఎంత పడునో చెప్పజాలవు. ఆ కొండలలో ఒకజాతి కుందేలు వేసవిలో గోధుమవన్నెగా నుండి, శీతకాలమునకు తెల్లబొచ్చు ధరించును. ఈ మార్పునకు పగటి కొలతయే ఆజ్ఞ. మంచు ఆలస్యమైన యేట ఆ కుందేలు నల్లనేలపై తెల్లని గుడ్డపీలికవలె దూరమునకే కనబడి శత్రువుల వాతబడును. గురుతును పాటించుటలో అది తప్పలేదు. ఋతువే మాట తప్పినది.

అందుచేత మనుష్యులు మరికొన్ని యుపాయములు పన్నిరి. వేసవిలోనే రజ్జుమార్గముల తీగెలను పరీక్షించి, మంచు చేయు యంత్రములను సిద్ధపరతురు. ఆ యంత్రము నీటిని సన్ననితుంపరలుగా గాలిలోనికి చిమ్మును. పొడిగాలిలో తుంపర కొంత ఆవిరియగుచు మిగిలిన దానిని చల్లబరచును. కూజాలోని నీరు చల్లనగుట కిదియే హేతువు. కావున గాలి మిక్కిలి పొడిగానున్నచో, వేడి సున్న డిగ్రీలకు కొంచెము పైనున్నను మంచు కట్టును. అరాపాహో బేసిన్, లవ్‌లాండ్ అను రెండు తావులవారు ఇట్టిమంచుతో అందరికంటె ముందు తెరువవలెనని పోటీపడి, పెక్కేండ్లు అక్టోబరులోనే తెరచిరి.

ఇక మంచు కొలతనుగూర్చి కొంతయైన ముందుగా తెలుపునది పసిఫిక్ మహాసముద్రము. భూమధ్యరేఖవద్ద దాని నడిమి, తూర్పుభాగములు వేడెక్కినయెడల ఎల్ నీనో యనియు, చల్లబడినయెడల లా నీనా యనియు పేరు. లా నీనా యేట అమెరికా వాయవ్యపుకొండలకు మంచు హెచ్చుగను, నైరృతికి తక్కువగను పడుట వాడుక. కొలరాడో నడుమనుండుటచే అటునిటు నూగును. ఎల్ నీనో యేట మన ఋతుపవనము తరచు నీరసించును. అయినను ఇది తప్పని నియమము కాదు: 1997లో ఎల్ నీనో మిక్కిలి ప్రబలినను మనకు వానలు చాలినన్ని పడెను, 2009లో కరవు కలిగెను.

ఈ సంబంధమును వెదకినది మన ఆకలియే. 1876-78 నాటి క్షామము కర్నూలు, కడప, బళ్ళారిసీమలను నాశనముచేసిన పిమ్మట, ప్రభుత్వమువారు వానలను ముందుగా తెలుపుమని వాతావరణశాఖను కోరిరి. శాఖాధిపతియైన హెన్రీ బ్లాన్‌ఫర్డ్, హిమాలయముపై మంచు హెచ్చుగా పడినయెడల తరువాతి ఋతుపవనము తగ్గునని 1884లో ప్రతిపాదించెను. 1886 నుండి వానల జోస్యము ఏటేట వెలువడసాగెను. తరువాత గిల్బర్ట్ వాకర్ భారతదేశమున పనిచేయుచు లోకపు నలుమూలల వాయుపీడనపు లెక్కలను సరిచూచి, పసిఫిక్, హిందూమహాసముద్రముల నడుమ త్రాసువలె నూగు వాయుభారమును గుర్తించెను. అమెరికాలో మంచుకు ఎదురుచూచువాడు నేడు ఆధారపడు విద్యకు బీజము మన కరవునేలపై పడినది.

మంచు కేవలము ఆటకు కాదు. కొండపై నిలిచిన మంచు తాళము వేసిన చెరువు. వసంతమున మెల్లగా కరగి నదియగును. కొలరాడో నదినీటిపై సుమారు 4 కోట్లమంది ఆధారపడియున్నారు. ఆ పడమటికొండలలో 1950వ దశకమునుండి కొలిచిన తావులలో పెక్కింట ఏప్రిల్ నాటి మంచు తగ్గినది. యంత్రము ఒక వాలును తెల్లజేయగలదు గాని నదిని నింపజాలదు.

కావున పెద్దలారా, మన పూర్వులు చెప్పిన గురుతులను విడువకుడు. కాని అందు సూర్యునివి యేవో, గాలివి యేవో వేరుచేసి పిల్లలకు చెప్పుడు. కాలము వచ్చినదని చెప్పునది యొకటి, నీరు వచ్చునని చెప్పునది వేరొకటి. మొదటిదానిని చూచి దుక్కి సిద్ధము చేయుడు. రెండవదానిని విచారించియే విత్తనము చల్లుడు.