సగటు వాన చెప్పని సంగతి

మాది కర్నూలు జిల్లాలో ఒక మెట్ట ఊరు. వేరుశెనగే మా బతుకు. ఒక ఏడు పంట చేతికి రాలేదు. పేపర్లో చూస్తే జిల్లా వర్షపాతం 'సాధారణం' అని ఉంది. "లెక్కకు సరిపడా పడింది గదా నాయనా?" అన్నాను. "లెక్కకు పడిందిరా, పైరుకు పడలేదు" అన్నాడు మా నాయన. సగటు కట్టడం నేర్చిన నా దగ్గర ఆ మాటకు జవాబు లేకపోయింది.

ఆ జవాబు తర్వాత ఒక పరిశోధనలో దొరికింది. బి.ఎన్. గోస్వామి అనే శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి మధ్య భారతంలో 1951 నుంచి 2000 వరకు కురిసిన వానలను రోజువారీగా పరిశీలించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. రుతుపవనాల మొత్తం వానలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కాని రోజుకు 100 మిల్లీమీటర్లు దాటే కుంభవృష్టులు పెరిగాయి. మామూలు వానలు తగ్గాయి. ఒకటి రెండింటిని కప్పిపెట్టేసరికి సగటు మాత్రం కదలలేదు!

ఇందులో రైతుకు వచ్చే నష్టమేమిటి? 10 మి.మీ. చొప్పున ఇరవై రోజులు పడినా, 100 చొప్పున రెండు రోజులే పడినా మొత్తం 200. మొదటిదాన్ని నేల చాలావరకు తాగుతుంది. రెండోది పైమట్టిని కూడా వెంటబెట్టుకొని వంకలో కలుస్తుంది. మిగతా రోజులన్నీ బెట్టే. వేరుశెనగ ఊడలు దిగేవేళ నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు, కాయ పట్టదు.

దీనికి కారణం మనం థర్మోడైనమిక్సులో చదివే క్లాసియస్–క్లాపిరాన్ సమీకరణంలోనే ఉంది. ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకోగలదు. కురిసినప్పుడు ఆ మేరకు ఎక్కువ కుమ్మరిస్తుంది. మొత్తం వాన మాత్రం అంత వేగంగా పెరగదు. కనుక పెద్ద వాన పెరిగినచోట చిన్న వాన తగ్గక తప్పదు. పైగా వేడిగాలి వానకూ వానకూ మధ్య నేలలోని తడిని త్వరగా లాగేస్తుంది. అంటే కరువూ వరదా రెండూ ఒకే వేడికి పుట్టిన బిడ్డలన్నమాట.

పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2017లో ఇంకొక ముడి విప్పారు. 1950–2015 మధ్య మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వర్షాలు మూడు రెట్లయ్యాయనీ, వేడెక్కిన అరేబియా సముద్రం నుంచి ఉండుండి ఎగదన్నుకొచ్చే తేమ దీనికి కారణమనీ చూపారు.

2009లో దేశమంతటా రుతుపవన వర్షం సగటుకన్న 22 శాతం తగ్గింది. అదే ఏడు అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణం మునిగింది. నేనప్పటికి పలక పట్టని పిల్లవాణ్ణి. ఆ ఒక్క సంవత్సరాన్ని చూపి వాతావరణం మారిందనడం శాస్త్రం కాదు. అందుకే యాభై ఏళ్ల రోజువారీ లెక్క అంత విలువైనది.

మొన్న సెలవుల్లో మా కళ్లంలో నిలువు గోడల డబ్బా ఒకటి పెట్టి, స్కేలుతో వాన కొలవడం నాయనకు నేర్పాను. నోటుబుక్కులో రెండు గడులు గీశాం. ఎంత పడింది అన్నది నేను గీసిన గడి. ఎన్నాళ్లకు పడింది అన్న రెండో గడి, నాయన పట్టుబట్టి గీయించినది.