పాట, భక్తి, పరిశోధన

తిరుపతిలో ఎం.ఏ. తెలుగు విద్యార్థి పగలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో అన్నమయ్య (1408–1503) సంకీర్తనలను పాఠంగా చదువుతాడు. సాయంత్రం అన్నమాచార్య కళామందిరంలో వాటినే కచేరీగా విని చేతులు జోడిస్తాడు. అందులో తప్పులేదు. అయితే అతడు గుర్తించవలసిన విషయం ఒకటుంది. తిరుమల రాగిరేకుల మీద సాహిత్యమూ రాగం పేరూ ఉన్నాయి; స్వరం లేదు. 1950లో వేటూరి ప్రభాకరశాస్త్రి మరణించాక పరిష్కరణ భారం వహించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అనేక పాటలకు స్వరాలు కూర్చారు. ఆ తర్వాత మరికొందరు. అంటే మనం వింటున్న వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు మనుషుల శ్రమ. అన్నీ దైవదత్తమని సరిపెట్టుకుంటే ఆ శ్రమ మరుగున పడుతుంది. భక్తి విద్యార్థి సొంత విషయం; సిద్ధాంతవ్యాసంలో మాత్రం ఏది ఎవరు చేశారో చెప్పితీరాలి.